మూడు సెకన్ల థండర్‌జెట్

ఆమెను మొదటిసారి చూసిన రోజే నలభై మంది ముందు నవ్వులపాలు చేశాను. గొప్పగా చెప్పుకునే పని కాదు.

మా ఫిల్మ్ క్లబ్‌లో ప్రతి ఆదివారం ఓ పాత సైన్స్ ఫిక్షన్ సినిమా వేస్తారు. వేరే గ్రహం వాళ్లు పళ్లెంలాంటి నౌకలో దిగుతారు, వాళ్ల మీదికి మిలటరీ విమానాలు బయల్దేరతాయి. అందరూ పళ్లేన్ని చూస్తే నేను విమానాలు చూసి, పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. అదో పిచ్చి.

ఆరోజు సినిమా అయ్యాక ముందు వరసలోంచి కళ్లజోడు అమ్మాయి ఒకామె లేచింది. "పళ్లెం వెంటపడ్డ జెట్ థండర్‌జెట్ కదండీ?" అంది.

"సేబరండీ," అన్నాను వెనకనుంచి. "రెక్కలు వెనక్కి వాలితే సేబర్, తిన్నగా ఉంటే థండర్‌జెట్. చిన్నపిల్లలు కూడా చెప్తారు. ముందు కళ్లజోడు మార్చండి."

హాలంతా నవ్వింది. ఆమె కళ్లజోడు సర్దుకుని కూర్చుంది.

ఇంటికెళ్లి అదే సినిమా మళ్లీ పెట్టుకున్నాను. రన్‌వే మీంచి లేచింది సేబరే. నేను తల వంచి ఆ పేరు రాసుకునేలోపు షాట్ మారింది. గాల్లో ఉన్నది తిన్నని రెక్కల థండర్‌జెట్. మూడే మూడు సెకన్లు. దొరికిన మిలటరీ ఫిల్మ్ ముక్కలన్నీ అతికించెయ్యడం ఆ సినిమాలకు మామూలే. క్లబ్‌లో అందరికీ ఆ సంగతి పాఠం చెప్పేవాణ్ణి నేనే.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు. రెండు ఆదివారాలు ఆమె రాలేదు. "ఆ అమ్మాయికి భలే చెప్పావు" అని ఎవరో భుజం తడితే ఇకిలించాను కూడా.

ఇక ఉండబట్టలేక, క్లబ్ సెక్రటరీని అడిగి ఆమె పనిచేసే చోటికి వెళ్లాను. కళ్లజోళ్ల షాపు. నా తల సగం అక్కడే వాలిపోయింది.

"సారీ అండీ. అది థండర్‌జెట్టే."

"ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఆరోజే," అన్నాను.

అద్దం తుడుస్తున్న చెయ్యి ఆగింది. "నవ్వులపాలు చేసింది నలభై మంది ముందు. సారీ మాత్రం షాపు మూలనా? బావుందండీ వరస."

"ఈ ఆదివారం క్లబ్‌కి రండి," అన్నాను.

ఆ ఆదివారం సినిమాకి ముందే తెర ముందు నిలబడ్డాను. ఆమె వచ్చింది, పక్కన వాళ్ల నాన్న. అయినా చెప్పేశాను. తప్పు నాదని, ఆరోజే తెలిసినా దాచానని.

"ఇంకోటి కూడా ఉంది. ఆరోజు నా గోల విమానం గురించి కాదు. ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తారని."

ఈసారి హాలంతా నన్ను చూసి నవ్వింది. ఆమె మాత్రం తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"అయిందా బాబూ?" అన్నారు వాళ్ల నాన్న.

"అయిందండీ."

"అయితే ఇక్కడ కూర్చో." ఆయన తన సీటు నాకిచ్చి వెనక వరసలోకి వెళ్లిపోయారు.

లైట్లు ఆరాయి. "ఇంకా కోపంగా ఉందా?" అన్నాను మెల్లగా.

"ఉంది," అంది తెర వైపే చూస్తూ. "ఇంటర్వెల్ దాకా ఉంటుంది."