రేవు మైదానంలో ఖాళీ చోటు

బల్లకట్టు రేవు పక్కనున్న గడ్డిమైదానం మంచిది కాదు. చీకటి పడ్డాక హ్యాడ్లో అనే ఆ ఊళ్ళో ఎవరూ ఆ దారిన పోరు. పగలు కూడా పోని మహావీరులు కొందరున్నారు. ఈ కథ చెబుతున్నవాడు వాళ్ళలో మొదటివాడు.

రెండేళ్ళ కిందట, నవంబరు చలిలో, కాలేజీ ఫుట్‌బాల్ జట్టు అవతలి ఒడ్డున ఆటకి బయల్దేరింది. నడి ఏట్లో బల్లకట్టు తిరగబడింది. పదకొండు మందిలో ఒడ్డుకి చేరినవాడు ఒక్కడే — లోరిమర్ టటిల్. ఇప్పుడు కొత్త జట్టుకి అతనే కెప్టెన్.

ఓబెడ్ పింకమ్‌కి ఆ జట్టులో చోటు కావాలి. లోకంలో వాడికి ఇంకేమీ అక్కర్లేదు. ఆ రోజుల్లో ఆ ఆటలో రెండు జట్లూ ఎదురెదురుగా వరసల్లో వంగి నిలబడి ఢీకొనేవి; బంతిని తన్నేది తక్కువ, మనుషుల్ని తన్నేది ఎక్కువ. తల పగలకుండా కాపాడుకోడానికి ఒత్తయిన జుట్టే దిక్కు. అందుకని ఓబెడ్ వేసవంతా క్షవరం మానేశాడు. ఉడికీ ఉడకని ఎద్దుమాంసం తిన్నాడు. చివరికి గడ్డివాము నడిచొచ్చినట్టు వచ్చి కెప్టెన్ ముందు నిలబడ్డాడు.

టటిల్ ఎగాదిగా చూశాడు. "నీ జుట్టునైతే ఆడిస్తాన్రా. నిన్ను మాత్రం కాదు."

అందరూ నవ్వారు. ఓబెడ్ కదల్లేదు. రోజూ వచ్చి అలాగే నిలబడ్డాడు. విసుగెత్తి టటిల్ ఓ పందెం పెట్టాడు. రాత్రిపూట ఒంటరిగా రేవు మైదానం దాటి వస్తే శనివారం ఆటలో చోటిస్తానన్నాడు. మరి నువ్వెప్పుడైనా దాటావా అని ఎవరో అడిగితే, వినిపించుకోలేదు.

ఆ రాత్రి ఏటి మీంచి పొగమంచు లేచింది. కాళ్ళ కింద గడ్డంతా చిత్తడి. భయం లేదు, భయం లేదు అని ఓబెడ్ పైకే అనుకుంటూ నడిచాడు. గొంతు మాత్రం మేకపిల్లలా పలికింది.

అప్పుడు వినిపించింది... బరువైన ఒళ్ళు ఒకదాన్నొకటి ఢీకొన్న చప్పుడు.

నిశ్శబ్దం...

మళ్ళీ అదే చప్పుడు.

మంచు కాస్త విడింది. ఆటలో తొడిగే కాన్వాసు చొక్కాల్లో మనుషులు — వంగి, వరసగా, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు. వరస మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"ఒకడు తక్కువయ్యాడు," అని ఎవరో గుసగుసగా అన్నారు.

పుట్టి బుద్ధెరిగాక ఓబెడ్ ఎదురుచూసింది ఆ మాట కోసమే. భయం ఎటు పోయిందో... కాళ్ళు వాటంతటవే నడిచాయి. వెళ్ళి ఆ ఖాళీలో వంగి నిలబడ్డాడు.

పక్కవాడి తల మెల్లగా ఇటు తిరిగింది. నోట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు కాదు," అన్నాడు. "ఇది టటిల్ చోటు. నా భుజాల మీద కాలేసి, నన్ను ముంచి ఒడ్డెక్కాడు. రమ్మను."

చచ్చినవాళ్ళు కూడా ఓబెడ్‌ని జట్టులో చేర్చుకోలేదు.

వాడు ఊళ్ళోకి ఎలా వచ్చి పడ్డాడో వాడికే తెలీదు. తిన్నగా టటిల్ గదికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. గదిలో ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

టటిల్ నవ్వలేదు. ఆ భుజాల సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాళ్ళెవరూ ప్రాణాలతో మిగల్లేదు.

లేచి కాన్వాసు చొక్కా తొడుక్కున్నాడు. ముందున్న తాళ్ళు నిదానంగా బిగించుకున్నాడు. ఎవరి మొహం చూడకుండా బయటికి నడిచాడు... ఏటి వైపు.

తిరిగి రాలేదు.

శనివారం వేరే గతిలేక ఓబెడ్‌ని దింపారు. కెప్టెన్ నిలబడే చోటే, వరస నడిమధ్య. జనం ముందు మొదటిసారి వాడి ఛాతీ పొంగింది. వంగి నిలబడ్డాడు.

ఎదుటి జట్టూ వంగింది. కానీ వంగినవాళ్ళంతా ఒక్కొక్కరే మళ్ళీ లేచారు. వాళ్ళ కెప్టెన్ మొహం చిట్లించి రెఫరీ దగ్గరికెళ్ళాడు.

"జట్టుకి పదకొండు మందే కదా ఆడాల్సింది," అన్నాడు. "మరి వీళ్ళ వెనకాల, ఆ తడిబట్టలతో నిలబడ్డ పదకొండు మందీ ఎవరు?"