వెలుతురు సోకని సీసాలు

ఏజెంట్ చిన్నబాబు జలుబుతో చచ్చిపోయాడు.

రాయిలాంటి మనిషి. తుమ్ములతో మొదలై, వారం తిరక్కుండా ఊపిరి అందక పోయాడు. మంచం పక్కన కూర్చున్న తోటి ఏజెంట్ ఉదయభాస్కర్ చెవుల్లోంచి ఆ దగ్గు పోలేదు. 2004 ఏప్రిల్లో నందిగామ రోడ్ల మీద ఎవరు దగ్గినా అతను వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"చంపింది జలుబు కాదోయ్," అన్నాడు చీఫ్ రామబ్రహ్మం.

నందిగామలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వెనక గది అది. బయట బెంచీల మీద షుగర్ టెస్టుకొచ్చిన జనం. లోపల ఫ్రిజ్జంత మిషను.

"చెవిటికల్లులో ఫ్రీ మెడికల్ క్యాంపు పెట్టి జనానికి సూదులు వేశారు. మనవాడు కూలీ వేషంలో వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ఆ మందు పేరు మౌని. ఒంట్లో కాపలా కణాలుంటాయి చూడు, శత్రువొచ్చాడన్న కబురు వాటి లోపలికి చేరనివ్వదు. కణం బతికే ఉంటుంది, కబురే అందదు. ఆ తర్వాత ఏ జలుబైనా చాలు."

"విరుగుడు లేదా అండీ?"

"ఉంది. కానీ ఆ దుర్మార్గులు క్యాంపులో కొందరికే మౌని ఇచ్చారు. పోలిక కోసం మిగతావాళ్ళకి ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కించారు. ఎవరికేది పడిందో సూది వేసినవాళ్ళకీ తెలీదు. మౌని లేని ఒంట్లోకి విరుగుడు వెళ్తే అదే చంపేస్తుంది."

"ఎవరికేదో తేల్చేదెలా?"

రామబ్రహ్మం మిషను మీద చెయ్యి వేశాడు. "ఫ్లో సైటోమీటర్. కబురందిన కణంలో ఒక ప్రొటీన్ ఆన్ అవుతుంది. అలా ఆన్ అయినదానికే అతుక్కునే యాంటీబాడీని మన హైదరాబాద్ ల్యాబ్ తయారుచేసింది, తోకకి రంగు కట్టి. కోడ్ నేమ్ మిణుగురు. ఇందులో కణాలు ఒక్కొక్కటే నీలం లేజర్ ముందునుంచి పోతాయి. కబురందినది మెరుస్తుంది, అందనిది మెరవదు. ఉన్న సీసాలన్నీ వాళ్ళే కొట్టేశారు. మందు పనిచేసిందని, కొనే విదేశీ పార్టీకి రుజువు చూపించాలిగా! రేపు మధ్యాహ్నం ఆ పార్టీ సైంటిస్టు గ్రెగర్ వాటిని పట్టుకుపోతాడు."

"ఎక్కడ దాచారు?"

"జగ్గయ్యపేటలో, ఆ క్యాంపు పెట్టించిన భార్గవ మిర్చి కోల్డ్ స్టోరేజీలో. చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. వెలుతురు సోకితే రంగు చచ్చిపోతుంది. మిర్చికీ అంతేగా, అందుకే అక్కడ లైట్లు వెయ్యరు."

చీఫ్ బల్ల మీద ఒక నల్ల ఫ్లాస్కు, పెన్నులాంటి నీలం టార్చి, నకిలీ సీసాలు పెట్టాడు.

"వీటిలో ఏముందండీ?"

"స్పిరిట్లో కలిపిన పసుపు. నీలం లైటు పడితే పచ్చగా మెరుస్తుంది. మా ఆవిడ డబ్బాలోది. కల్తీ లేదు." నవ్వబోయి ఆగిపోయాడు. "లోపల మన డబుల్ ఏజెంటు ఉంది. జాయిస్, వాళ్ళ క్యాంపు నర్సు. ఆవిడ తల్లి లూర్దమ్మ కూడా ఆ వరసలో సూది వేయించుకుంది. అదేం మందో తెలిశాక జాయిసే మనకి శాంపిల్ పంపింది. దాంతోనే విరుగుడు తయారైంది."

"చిన్నబాబుకి సూది వేసిందెవరు?"

"ఆవిడే."

ఉదయభాస్కర్ సీసాలు జేబులో వేసుకుని లేచాడు.

*

మర్నాడు గుంటూరు వ్యాపారి వేషం అనుకున్నంత తేలిక కాలేదు. కోల్డ్ స్టోరేజీ వరండాలో తొడిమలు తీస్తున్న సౌభాగ్యమ్మ అతన్ని చూడగానే చెయ్యి ఆపింది.

"ఏమయ్యో, ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సరుకు ఘాటెట్టా తెలుస్తది నీకు? పెళ్ళిచూపులకొచ్చి కళ్ళు మూసుకున్నట్టుంది!"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. అతను గుడ్డ తీసి జేబులో కుక్కాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుమ్ము మింగేశాడు.

లోపలినుంచి నల్ల కళ్ళద్దాలు, ఊదారంగు షిఫాన్ చీర, చేతిలో సెల్‌ఫోన్‌తో ఒకావిడ వచ్చింది. మిర్చి దుమ్ములో ఆ చీర మీద మాత్రం ఒక్క మరక లేదు.

"తొడిమ తీసినవి కావాలా అండీ, తియ్యనివా?"

కోడ్ వర్డ్. "తొడిమ తీస్తే ఘాటు పోద్దండి," అన్నాడు.

"రండి, చూపిస్తా."

ఛాంబర్ తలుపు వెనక చలీ, చీకటీ కలిసి మీద పడ్డాయి. కప్పుదాకా బస్తాలు. ఎక్కడో అవతలి వరసలో ఒక హమాలీ దగ్గాడు. ఉదయభాస్కర్ కాళ్ళు ఆగిపోయాయి. అది చిన్నబాబు దగ్గే. కాదని తెలుసు. అయినా చిన్నబాబు దగ్గే.

"మీకూ వినిపిస్తుందా?" చీకట్లోంచి అడిగింది జాయిస్. "మీ చిన్నబాబు నాకు థాంక్స్ చెప్పాడండి. సూది వేశాక, నొప్పే తెలీలేదమ్మా అన్నాడు."

ఆమె బస్తాల మధ్యనుంచి పెట్టె లాగింది. అతను సీసా మీద నీలం టార్చి వేశాడు. పచ్చగా మెరిసింది. తన జేబులోదాని మీద వేశాడు. అదీ అలాగే మెరిసింది.

ఆవిడ తన చేతికిస్తున్నది కూడా పసుపే అయితే? నిజానిజాలు తేల్చగలిగింది నందిగామలో మిషనొక్కటే. అది తేల్చేలోపు గ్రెగర్ దేశం దాటేస్తాడు.

"నమ్మబుద్ధి కావట్లేదు కదండీ?"

"లేదు."

"నాకూ అంతే. అద్దం చూసుకున్నప్పుడల్లా."

సీసాలు మార్చారు. ఫ్లాస్కు మూత బిగిసింది.

ఆఫీసు గదిలో అతను శాంపిల్ మిరపకాయ విరిచి వాసన చూస్తుండగా భార్గవ వెంట గ్రెగర్ వచ్చాడు. కిటికీలు మూయించి, తనూ ఒక నీలం టార్చి తీసి, జాయిస్ తెచ్చిన పెట్టెలో ఒక్కో సీసా చూశాడు. అన్నీ మెరిశాయి. గ్రెగర్ తల ఊపాడు.

కానీ భార్గవ పుట్టింది మిర్చి బస్తాల మధ్య. చిన్నప్పటినుంచీ ఏ సరుకునైనా ఎండలో చూసి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకోందే లారీ ఎక్కించి ఎరగడు.

"మీ దొరలు చీకట్లో ఎట్టా కొంటారో గాని, వెలుతుర్లో చూడందే నా గేటు దాటనివ్వను!" ఒక సీసా తీసుకుని తలుపు తెరిచాడు. బొటనవేలు మూత కిందికి పోనిచ్చాడు.

ఉదయభాస్కర్ చెయ్యి చొక్కా కింద రివాల్వర్ మీదికి వెళ్ళింది. మూత ఊడితే చాలు. ఆ జిల్లాలో పుట్టిన ఏ ముక్కుకైనా అది పసుపని తెలిసిపోతుంది. జాయిస్ కళ్ళద్దాల వెనక ఏముందో కనపడలేదు.

"నో లైట్!" గ్రెగర్ కేక వేసి భార్గవ చేతి మీద ఒక్కటి చరిచాడు. "రంగు చచ్చిపోతుంది, మూర్ఖుడా!" సీసా లాక్కుని పెట్టెలో పెట్టి తాళం వేసి, కారెక్కాడు.

భార్గవ చెయ్యి రుద్దుకుంటూ ఉదయభాస్కర్ వైపు తిరిగాడు. "చూశారా అండీ! సరుకు ముట్టుకోనివ్వనోడు వ్యాపారమేం చేస్తాడు?"

"నిజమేనండి," అన్నాడు ఉదయభాస్కర్ మనస్ఫూర్తిగా.

*

గ్రెగర్ కారుకి చిల్లకల్లు దగ్గర సిమెంటు లారీ అడ్డం పడింది. చుట్టూ మఫ్టీ పోలీసులను చూసి అతను పెట్టెను రోడ్డుకేసి కొట్టాడు. తారు మీద పసుపు పారింది. అదే సమయానికి భార్గవ చేతులకి బేడీలు పడ్డాయి.

నందిగామ వెనక గదిలో ఎవరికీ ఆ సంబరం లేదు. ల్యాబ్ డాక్టర్ వైదేహి ఫ్లాస్కులోంచి ఒక సీసా తీసింది. "ముందు మామూలు మనిషి రక్తం మీద చూడాలి. సీసాలు అసలువైతే మెరవాలి."

ఉదయభాస్కర్ చెయ్యి చాపాడు. వైదేహి అతని రక్తంలోని కణాల్ని కాస్త రెచ్చగొట్టి, మిణుగురు కలిపి, మిషనుకి ఎక్కించింది. తెర చాలాసేపు నల్లగా ఉంది. తర్వాత చుక్కలు పడ్డాయి, కుడివైపు, మెరుపువైపు గుంపులు గుంపులుగా. జాయిస్ గోడకి చేరబడి నేలమీద కూర్చుండిపోయింది.

"అసలువే," అంది వైదేహి.

తర్వాతది, పక్క కుర్చీలో కూర్చున్న లూర్దమ్మ రక్తం. చుక్కలన్నీ ఎడమ మూల చీకట్లోనే ఉండిపోయాయి. ఒక్కటీ కదల్లేదు.

"మౌని," వైదేహి విరుగుడు సిరంజిలోకి లాగింది. "ఇంకా టైముంది."

లూర్దమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఎవరు బడితే వాళ్ళు గుచ్చితే ఒప్పుకోను. నా కూతురు నర్సు. అదైతేనే."

వైదేహి సిరంజి జాయిస్ చేతిలో పెట్టింది.

"ఎందుకే అట్టా వణుకుతావు? గుచ్చించుకునేదాన్ని నేనా, నువ్వా?"

బయట బెంచీ మీద ఎవరో దగ్గారు. జాయిస్, ఉదయభాస్కర్ ఒక్కసారే తలుపువైపు చూశారు. మళ్ళీ ఒకరినొకరు చూసుకున్నారు.

"వెయ్యండి," అన్నాడు అతను మెల్లగా. "చిన్నబాబు చెప్పాడుగా, నొప్పి తెలీదని."

సూది వేయడం అయ్యాక రామబ్రహ్మం ఫోన్ చేశాడు. "డబుల్ ఏజెంటు నమ్మదగిందో కాదో ఫైల్లో రాయాలోయ్. ఆవిణ్ణి కళ్ళారా గమనించావా?"

"తల్లికి సూది వేసిందండి. వేసేముందు తల్లి కళ్ళు మూసుకుంది, కూతురు తెరిచే ఉంచింది."

"నువ్వు?"

"మూసుకున్నానండి. ఫైల్లో అది రాయకండి."