సరోజమ్మ కొడుకు గుర్రు

అయిజ ఊరి సరోజమ్మకు కొడుకు గుర్రు అంటే మహా గొప్ప. "ప్రభువు కృపతోటి మా ప్రేమ్ కుమార్ పండుకుంటే నాలుగిండ్లకు ఇనబడ్తది. కడుపుల కల్మషం లేనోనికే గసొంటి నిద్ర," అని పెళ్లిచూపుల్లో కూడా చెప్పుకుంది.

కొడుకు తల్లి మాట నిలబెట్టాడు. కోడికూరతో అన్నం తిని, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి అందరూ నవ్వుతున్నారు. పెళ్లికూతురు నిరోష మాత్రం చేతి గడియారం చూసుకుంటోంది. వీళ్లెప్పుడు పోతారా అని కాబోలు!

మూడో రోజు పెళ్లికూతురింటి నుంచి కబురొచ్చింది. ముందు గద్వాలలో ముక్కు, చెవి, గొంతు డాక్టరుకు చూపించుకోవాలట, ఆ తర్వాతే పెళ్లి మాట. ఆ దవాఖానలో నర్సు నిరోషే.

ప్రేమ్ కుమార్‌కు ఒళ్లు మండింది. అయినా తల్లిని వెంటబెట్టుకుని వెళ్లాడు. చాయ్ అందిస్తూ ఆ పిల్ల చూసిన చూపు, ట్రాక్టరు నడుపుతున్నా గుర్తొస్తూనే ఉంది మరి. తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి నడిచాడు.

"ఏం మేడమ్, సంతల ఎద్దు పండ్లు చూసినట్ల నన్ను చూడాల్నా?"

"పండ్లు గాదు, గొంతు." నిరోష చీటీ రాస్తూ తలెత్తలేదు.

"నిద్రకు గొంతు డాక్టరెందుకు?"

"గుర్రు గొంతులకెల్లి గాక, ట్రాక్టర్లకెల్లి వస్తదా?"

డాక్టర్ అనంతయ్య నాలుక నొక్కి, టార్చి వేసి చూశాడు. "టాన్సిల్స్ పెద్ద రేగుపండ్లంత ఉన్నయ్. గాలి పోయేటందుకు తొవ్వ ఏది? బండి తోలంగ కునుకు పడ్తదా?"

ప్రేమ్ కుమార్ నేల చూపులు చూశాడు. పోయిన నెల ట్రాక్టరు కాలువ గట్టెక్కి ఆగిన సంగతి తల్లికి కూడా చెప్పలేదు. "పడ్తది సార్," అన్నాడు మెల్లగా.

"నిద్రల ఊపిరి ఆగుతదా?"

"నాకేం తెల్వదు సార్. నేను నిద్రపోతుంట గద!"

"ఆగింది సార్," అంది నిరోష. "నాలుగుసార్లు. ఒకసారి ఇరవై రెండు సెకన్లు."

"గడియారం చూసింది గందుకా? మేమెప్పుడు పోతమా అని అనుకున్న!"

"ఊపిరి మల్లెప్పుడు వస్తదా అని చూసిన." ఆమె ఈసారి తలెత్తి అతని వైపు చూసింది. "గా ఇరవై రెండు సెకన్లు నేను గూడ ఊపిరి తీసుకోలే."

ప్రేమ్ కుమార్‌కు జీవితంలో మొదటిసారి పట్టపగలు నిద్ర మొత్తం ఎగిరిపోయింది.

హైదరాబాదులో నిద్ర పరీక్ష, దాన్నిబట్టి ఆపరేషన్, అప్పటిదాకా ట్రాక్టరు ముట్టొద్దని డాక్టరు రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ బయటికొచ్చారు.

విషయం విని సరోజమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "గుర్రు తీసేస్తే నా కొడుకుకు ఇంకేం మిగుల్తది బిడ్డా?"

"నేనుంట గద అత్తమ్మా," అంది నిరోష.