మూసిన వైపు ముందుకు

మెకానిక్ లోపలికి వస్తూనే తలుపు గడియ తనే పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కిటికీలోంచి వీధిని అటూ ఇటూ చూసి, అప్పుడు నోరు విప్పాడు.

"నన్ను కాపాడండి సార్. మెరుపుని నేనే చంపానంటున్నారు."

కొండదారి మోటార్ సైకిల్ పందెంలో మెరుపు అనేవాడు పోయిన సంగతి ఊరంతటికీ తెలుసు. మలుపులో చైను ఊడి వెనక చక్రాన్ని పట్టేసింది, మనిషి రాళ్ళమీద పడ్డాడు. అంతకు ముందురోజు ఆ బండికి పని చేసింది ఈ మెకానిక్కే. షెడ్డుతో సహా వీణ్ణి తగలబెడతానని మెరుపు తమ్ముడు మనుషుల్ని పోగేస్తున్నాడు.

"బండికి ఏం చేశావు?" అన్నాడు పెద్దాయన. బోర్డు మీద ప్రైవేట్ డిటెక్టివ్ అని ఉన్నా, ఆయన్ని అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. పక్కనున్న శిష్యుడికైతే ఆయన మాట వేదం.

"ఇంజను పక్కనుండే పళ్ళచక్రం, ముందు స్ప్రాకెట్ మార్చాను సార్. ఒక పన్ను తక్కువది వేశాను. పై స్పీడు కాస్త తగ్గినా పికప్ పెరుగుతుంది, ఎత్తుదారికి అదే కావాలి. చైను రెండు కొసల్నీ కలిపి పట్టే లాకు మాత్రం ముట్టుకోలేదు. వెనక చక్రం వదులు చేసి చైను జారుస్తాను, అంతే."

పోలీసులు చూసి వదిలేసిన బండి మెరుపు ఇంటి వెనక గదిలో ఉంది. పెద్దాయన ఇంజను పక్క మూత విప్పాడు. లోపల ఉన్నది అరిగిపోయిన పాత స్ప్రాకెట్.

"అబద్ధం చెప్పాడన్నమాట," అన్నాడు శిష్యుడు.

"మూత విప్పితే బయటపడే అబద్ధం ఎవడాడతాడు? పాతది ఎవరో తిరిగి పెట్టారు."

ఆయన వంగి వెనక చక్రం చూశాడు. చక్రాన్ని జరిపే గీతలు రెండు వైపులా సమానంగా ఉన్నాయి. నట్టు తిరగకుండా ఆపే పిన్ను ఉండాల్సిన చోట సన్నని నల్లతీగ మడిచి దూర్చి ఉంది. చైను పైవరసను కప్పే రేకు మరలు మాత్రం తుప్పుపట్టి, ఎవరూ విప్పిన జాడ లేకుండా ఉన్నాయి. పందెం మొదలయ్యే చోట తీసిన ఫోటోను శిష్యుడు అందించాడు. అందులో చైను లాకు పైవరసలో, తెరిచిన నోరు ముందుకు పెట్టి ఉంది. ఆ చిన్న రేకుముక్క మీద పెద్దాయన చూపు చాలాసేపు నిలిచిపోయింది.

మెరుపు భార్య వాకిట్లో నిలబడింది. జారిపోతున్న జుట్టుముడిని చేత్తో ఎత్తిపట్టుకుంది.

"ఈ గది తాళం ఎవరి దగ్గరుంటుందమ్మా?"

"నా దగ్గరేనండి. పందెం రోజు పొద్దున్నే మరిది తీసుకుని బండిని వ్యానెక్కించాడు."

"పందేలు మీకిష్టమేనా?"

"కట్టుకున్నవాడు కొండచరియ మీద పరిగెత్తుతుంటే ఎవరికిష్టమండి? ఈసారి ఓడితే బండి అమ్మేస్తానని మాటిచ్చారు."

మర్నాడు పెద్దాయన అదే గదికి అందరినీ రప్పించాడు. అలాంటిదే వేరే బండిని స్టాండు మీద నిలబెట్టి, చైనును కింది వరసలో విప్పి ఉంచాడు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, లాకు పెట్టి చూపమన్నాడు. మెకానిక్ మూసిన కొసను వెనక చక్రం వైపు పెట్టి నొక్కాడు. ఆ పందెం గెలిచిన పోటీదారు కూడా అలాగే పెట్టాడు. తమ్ముడు లాకును అటూ ఇటూ తిప్పి వెనక్కిచ్చేశాడు. "నాకు తెలీదు. అన్నయ్య బండి ముట్టనిచ్చేవాడు కాదు."

చివరికి ఆమె వచ్చింది. నేలమీద కూర్చుని, మూసిన కొస బండి ముందు దీపం వైపు ఉండేలా లాకును ఒద్దికగా నొక్కింది.

"మూసిన వైపు ముందుకు. ఆయనే నేర్పారు."

పెద్దాయన మిగిలినవాళ్ళను లోపలికి పిలిచాడు. ఆయన గొంతు ఎప్పటికన్నా తగ్గింది.

"చంపదలచినవాడు లాకు వదులు చేసి పోతాడు. స్ప్రాకెట్ మార్చే అవస్థ పడడు. ఈ పని చేసిన చెయ్యి గీతలు సరిచూసింది. విరిగిన పిన్ను బదులు తన తలపిన్ను మడిచి పెట్టింది. పాత స్ప్రాకెట్ ఉంటే బండి ఎత్తులో వెనకబడుతుంది, మనిషి క్షేమంగా ఓడి ఇంటికొస్తాడు. కోరుకున్నది అంతే. పైన రేకు మరలు ఊడిరాలేదు, అందుకని లాకు కింద పెట్టింది."

"మరి తప్పెక్కడండీ?" అన్నాడు శిష్యుడు.

పెద్దాయన చక్రాన్ని మెల్లగా తిప్పాడు. లాకు కింద వెనక్కి సాగి, వెనక చక్రానికున్న పెద్ద స్ప్రాకెట్ చుట్టి పైకి వచ్చింది. ఇప్పుడు మూసిన కొస వెనక్కి ఉంది, తెరిచిన నోరు ముందుకు ఉంది. పరుగులో ఆ నోరు దేనికి తగిలినా లాకు ఊడిపోతుంది.

"మూసిన వైపు ముందుకే అన్నారే," అందామె.

"అది పైవరసకమ్మా."

తల దక్కిన మెకానిక్ మొహంలో సంతోషం లేదు. పెద్దాయన మాట ఒక్కసారి తప్పయితే బాగుండునని శిష్యుడు మొదటిసారి కోరుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది.

ఆమె ఎవరివైపూ చూడలేదు. చెయ్యి చాచి చక్రాన్ని ఆపింది. లాకు ఊడదీసి, తిప్పి, ఈసారి సరిగ్గా పెట్టింది.