ఉలవల కాగు

కోడలు విజయకుమారి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పచ్చి బియ్యం బుక్కుతూ అత్తగారి కంటబడింది. ఏడో నెల. నోటినిండా బియ్యం... మింగలేదు, ఉమ్మలేదు.

"ముప్పై ఎకరాల మాగాణి ఉన్న ఇంట్లో కోడలు దొంగతిండి తింటోందని మొవ్వ ఊరంతా చెప్పుకోవాలా అమ్మా?" అంది మహాలక్ష్మమ్మ. ఆవిడ గట్టిగా అరిచినా ఇంత బాధ ఉండేది కాదు విజయకి.

"ఆకలేసి కాదత్తయ్యా... తినకుండా ఉండలేకపోతున్నాను." లేచి నిలబడబోయి కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకుంది.

మహాలక్ష్మమ్మ గయ్యాళి అనుకునేరు, కాదు. కిందటేడు ఐదో నెలలో కడుపు పోయినప్పుడు విజయకంటే ఆవిడే ఎక్కువ ఏడ్చింది. వేడి చేసే పోయిందని తేల్చేసింది. ఈసారి నెల తప్పిన రోజు నుంచి కోడలికి బెల్లం లేదు, నువ్వులు లేవు, ఉలవచారు లేదు, మునగాకు అసలే లేదు. మల్లెపువ్వులాంటి మరబియ్యం అన్నం, గడ్డపెరుగు, అంతా చలవే. అదీ మగవాళ్ళూ పాలేళ్ళూ తిన్నాకే. అత్తాకోడళ్ళు కూర్చునేసరికి కూరగిన్నె గీక్కోవడమే. నీరసం పోతుందని అన్నం తినగానే గ్లాసెడు కాఫీ. ఇంత ప్రేమగా ఎవరు చూస్తారు చెప్పండి?

కోడలి మొహం చూసి ఆవిడకే భయం పట్టుకుంది. పంచాయతీ సమితి పెట్టాక ప్రతి గురువారం బందరు నుంచి బస్సులో వచ్చే నర్సు దేవమ్మగారికి కబురు పెట్టింది.

దేవమ్మగారు వస్తూనే విజయ కంటి రెప్ప కిందికి లాగి చూశారు. "సున్నం కొట్టినట్టుందండీ. ఒంట్లో రక్తం లేదు, పచ్చి బియ్యం మీదికి మనసు పోయేది అందుకే. ఇలాగే వదిలేస్తే కాన్పులో తల్లి తట్టుకోలేదు."

"అన్నీ చలవవే పెడుతున్నానండీ..."

దేవమ్మగారు దొడ్డివైపు చూశారు. పాలేరు నరసింహం పొయ్యి మీంచి కాగు దించుతున్నాడు. "అందులో ఏమిటండీ?"

"ఉలవలు, ఎడ్లకి. దుక్కి రోజులు కదా, బలం ఉండొద్దూ..." అంటూనే మహాలక్ష్మమ్మ ఆగిపోయింది.

"ఈ పిల్లకి మాత్రం వద్దా బలం? మాత్రలు నేనిస్తాను. వాటితోపాటు రోజూ గుప్పెడు ఉడికిన ఉలవలు, పప్పులో తోటకూరో మునగాకో వేసి పెట్టండి. పైన నిమ్మచెక్క పిండితే ఒంటికి బాగా పడుతుంది. అన్నం మీద కాఫీ మాత్రం వద్దు."

"వేడి కదండీ. కిందటిసారి..."

"కిందటిసారి ఎందుకు పోయిందో నేను చెప్పలేనమ్మా. ఈసారి ఇద్దరూ బతకాలంటే ఏం చెయ్యాలో చెబుతున్నాను. ఏదీ, మీరిటు తిరగండి."

ఆవిడ రెప్ప కిందా అదే తెలుపు.

"మీకెంతమంది బిడ్డలు పోయారు?"

"ముగ్గురు," అంది మహాలక్ష్మమ్మ. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆ మాట విజయ వినడం అదే మొదటిసారి. "మా అత్తగారూ నన్ను ఇలాగే కళ్ళలో పెట్టుకుని చూసింది. బెల్లం ముక్క తగలనివ్వలేదు పాపం..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం పొలం నుంచి కొడుకు పిచ్చేశ్వరరావు వచ్చేసరికి వంటింట్లో విజయ ముందు విస్తరి ఉంది. తోటకూర పప్పు, ఓ పక్కన ఉలవలు.

"అమ్మా, నాకు అన్నం పెట్టవా?"

"కాసేపు ఆగు నాయనా. తను తింటోంది."

విజయ లేచి ఇంకో విస్తరి తెచ్చి పక్కన వేసింది. "మీరూ కూర్చోండి అత్తయ్యా."

"ఈ వయసులో నాకెందుకే?"

"మనవణ్ణి ఎత్తుకోవద్దూ?" ఉలవలు వడ్డించి నిమ్మచెక్క పిండింది విజయ.

మహాలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడ్డ కొడుకు వంక ఒకసారి చూసింది. కూర్చుని మొదటి ముద్ద కలుపుకుంది. ఆ ఇంట్లో మగవాళ్ళకంటే ముందు ఆవిడ తినడం, కాపురానికొచ్చిన ముప్పై ఏళ్ళలో అదే మొదలు.