బయానా కట్టిన బ్యాంకు

యామిని పెనం మీద దోసె తిప్పుతుండగా ఫోన్ మోగింది. బ్యాంకులో గృహరుణాలు చూసే మహాదేవి.

"మేడమ్, మీ ఫైలు మూసేశాం. మీరు వేరే బ్యాంకులో లోను ఖాయం చేసుకున్నారట కదా. ఆ మాటేదో ముందే చెప్పి ఉంటే నిన్న మా మనిషి విచారణకని ఎండలో మీ ఇంటిదాకా వచ్చేవాడు కాదు."

"ఖాయం చేసుకున్నామని ఎవరు చెప్పారండీ?"

"ఇంట్లో పెద్దాయనే చెప్పారట."

దోసె మాడింది. యామిని స్టవ్ ఆర్పి గోడకు ఆనుకుని నిలబడింది.

కర్నూలులో కొనబోయే ఇంటికి అగ్రిమెంటు రాసుకున్నారు. నెలాఖరులోగా రిజిస్ట్రేషన్ కాకపోతే ఇచ్చిన అడ్వాన్సు పోతుంది, ఇల్లూ పోతుంది. మొదట వెళ్ళిన బ్యాంకు ఎనిమిది ముప్పావు శాతం వడ్డీ అంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టించుకుంది. తర్వాత ఈ రెండో బ్యాంకు అర శాతం తక్కువకు ఇస్తానంది. ఇరవై ఏళ్ళ కిస్తీల్లో ఆ అర శాతం రెండున్నర లక్షలు దాటుతుంది. భర్త వీరభద్ర విత్తనాల కంపెనీలో పని చేస్తాడు, సీజన్‌ను బట్టి అతని రాబడి. కిస్తీ కోసేది టీచరుగా యామినికి వచ్చే జీతంలోంచే. బడికి సెలవులు పెట్టి తిరిగి, బతిమాలి, ఆమె ఆ రేటు సాధించింది.

మామ కంబన్న వసారాలో కాఫీ తాగుతున్నాడు.

"మామా, నిన్న బ్యాంకు నుంచి ఎవరన్నా వచ్చినారా?"

"వచ్చినాడు. ఎవరో పిల్లోడు, సంచి తగిలించుకోని. కూచోబెట్టి నీళ్ళిచ్చినా."

"ఏం చెప్పినారు?"

"ఉండేదే చెప్పినా. మావోళ్ళు ఇంకో బ్యాంకులో బయానా కట్టేసినారప్పా, ఏంటికి ఎండలో తిరుగుతావు, పో అన్నా. దండం పెట్టి పోయినాడు పాపం."

"అది బయానా కాదు మామా! ఫైలు చూసినందుకు తీసుకునే ఫీజు. అది కట్టినంత మాత్రాన వాళ్ళ దగ్గరే లోను తీసుకోవాలని లేదు."

"దుడ్లు ఇచ్చినావా లేదా?"

"ఇచ్చినా."

"వాళ్ళు తీసుకున్నారా లేదా?"

"మామా, నా మాట వినండి..."

"ఇంక ఇనేదేముండాది? దుడ్లు చెయ్యి మారితే బేరం తెగినట్లే. అర్ధరూపాయి తక్కువని ఇంకొకని కాడికి పోతే నలుగురూ ఏమనుకుంటారు? నీ పరువు పోగూడదనే చెప్పినా."

కంబన్న పత్తికొండ ప్రాంతపు సంతల్లో ఎద్దుల దళారీగా బతికాడు. తువ్వాల కింద వేళ్ళు పట్టి ధర తేల్చేవాడు. బయానా పడిన ఎద్దుకు ఎవరు ఎంత ఎక్కువిస్తామన్నా తాడు వదిలేవాడు కాదు.

"ఇది ఎద్దుల బేరం కాదు!" యామిని గొంతు వీధిలోకి వినబడింది. "కిస్తీ కట్టేది నేను, మీరు కాదు. తెలీనప్పుడు నోరు మూసుకోని ఉండాల్సింది."

కంబన్న గ్లాసు కింద పెట్టాడు.

బడికి వెళ్ళే దారిలో కంపెనీ పని మీద వెళ్ళిన రాయచోటి నుంచి వీరభద్ర ఫోన్ చేశాడు. యామిని జరిగింది చెప్పింది.

"నాయన మీద అరిచినావా?"

"అరిచినా."

"సరేలే. నెలాఖరు వస్తాండాది. ఆ ఎనిమిది ముప్పావుకే తీసుకుందాం."

"తీసుకుందాం అనడానికి నీకేం? ఇరవై ఏండ్లు కట్టేది నువ్వా?"

అతను జవాబు చెప్పేలోపే ఆమె ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం అనుమతి తీసుకుని రెండో బ్యాంకుకు వెళ్ళింది. లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది. మహాదేవి బల్ల ముందు కంబన్న నిలబడి ఉన్నాడు. తువ్వాల భుజం మీద లేదు, చేతిలో ఉంది. అత్తగారు పోయిన రోజు తప్ప ఆ తువ్వాల భుజం దిగడం యామిని చూడలేదు.

"నలభై ఏండ్లు దలారీ చేసినా తల్లీ," అంటున్నాడాయన. "ఒకచోట బయానా పడినాక ఇంకోచోటికి పోయినోన్ని కాదు. ఈ పొద్దు వచ్చినా. నిన్న మీ పిల్లోనికి చెప్పింది నేను, తప్పు నాది. మా కోడలికేమీ తెలీదు. ఆ ఫైలు తెరువు."

"ముందు మీరు కూర్చోండి పెద్దాయనా. మీ కోడలు వచ్చి మళ్ళీ అడిగితే తెరుస్తాం. వడ్డీ పాతదే ఇవ్వాలా వద్దా అనేది మాత్రం మేనేజర్ గారు చెప్పాలి."

"అడుగు. ఆయమ్మ శానా తిరిగింది ఆ రేటు కోసం. ఆయన ఊ అనేదాకా ఈడనే ఉంటా."

యామిని వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. కంబన్న తలెత్తి చూసి, మళ్ళీ బల్ల వైపు తిరిగాడు. మహాదేవి మేనేజర్ గదిలోకి వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చింది.

"పాత రేటే ఇమ్మన్నారు. రేపు మా మనిషి మళ్ళీ ఇంటికొస్తాడు. ఈసారైనా..." మహాదేవి నవ్వింది.

"ఈసారి అన్నం పెట్టి పంపిస్తాలే," అన్నాడు కంబన్న.

యామిని సంతకం పెట్టింది. బయటికొచ్చాక మెట్ల మీదే ఆగింది.

"మామా, పొద్దున నేను అట్ల అనకుండా ఉండాల్సింది."

"అన్నావులే. నేనూ నిన్నొక మాట అడిగి చెప్పాల్సింది." ఆయన రోడ్డు వైపు చూశాడు. "మరి ఆ మొదటి బ్యాంకాయనకు ఎట్ల చెప్తావు?"

"ఫోన్‌లో చెప్తా."

"ఫోన్‌లో వద్దు. ఫీజు పోతే పోనీ, మొగం చాటేయగూడదు. పోయి ఎదురుగ్గా నిలబడి, మీ దగ్గర తీసుకునేది లేదని చెప్పు. తిడితే తిట్టనీ."

తప్పని నమ్మిన పని చేయడానికి తన కోసం ఈ మనిషి ఎలా గడప దాటి ఉంటాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుంది.

"నాకు భయంగా ఉంది మామా. ఒక్కదాన్నే పోలేను."

కంబన్న చెయ్యెత్తి ఆటో ఆపాడు.

"ఎక్కు. నేను పక్కన ఉంటా. మాట్లాడేది నువ్వే."