తేలిన బంగారం

ఆగస్టు 31, గురువారం. ఉదయం 8:50.

శవం బోర్లా పడి ఉంది.

మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. మ్యూల్‌షూ వాగు అక్కడ రెండు బండల మధ్య చిన్న మడుగు కట్టి, మళ్లీ కిందికి జారిపోతుంది. ఆ మడుగులో ముఖం మునిగి ఉంది. కుడిచేతికి అడుగు దూరంలో ఉక్కు పళ్లెం. బంగారం గాలించే పళ్లెం. అంచు సొట్టలు పడి ఉంది. సగం దాకా కంకర.

చనిపోయిన మనిషి ఆర్లో విట్‌కమ్. వయసు డెబ్బై మూడు. ముప్పై ఒక్క వేసవులు ఆ వాగులోనే గడిపినవాడు.

"కాలు జారి పడ్డాడు సార్. బండలన్నీ నాచే" అంది డెప్యూటీ ఓర్టిజ్.

డిటెక్టివ్ వార్డ్ హెల్గెసన్ టోపీ తీశాడు. పెదవులు కదిలాయి. చనిపోయినవాళ్ల కోసం ముందు ఒక చిన్న ప్రార్థన, తర్వాతే ప్రశ్నలు. ఇరవై ఆరేళ్ల అలవాటు.

"దెబ్బ ఎక్కడ తగిలింది?"

"తల వెనక."

"వెల్లకిలా జారితే తల వెనక తగులుతుంది. మరి బోర్లా ఎందుకున్నాడు?"

ఓర్టిజ్ మళ్లీ శవం వైపు చూసింది.

ఫొటోలు తీయడం అయ్యాక హెల్గెసన్ గ్లవ్స్ వేసుకుని పళ్లెం ఎత్తాడు. కాస్త నీళ్లు లోపలికి వచ్చాయి. పళ్లెం అటూ ఇటూ కదిలింది. కంకర సందుల్లోంచి పసుపు రవ్వలు పైకి వచ్చి, నీటి మీద గిరగిర తిరిగి, అంచు దాటి పోయాయి.

"బంగారం తేలుతోంది సార్!"

"సన్న రజను. బరువుండదేమో" అన్నాడు హెల్గెసన్. అతని తండ్రి పశువులు పెంచినవాడు. బంగారం సంగతి అతనికి అంతగా తెలియదు.

పళ్లెం ఎవిడెన్స్ బ్యాగ్‌లోకి వెళ్లింది.

శవాన్ని మొదట చూసినవాడు గ్లెన్ మబ్రీ. నలభై ఒక్కేళ్లు. రెండు వేసవులుగా ఆర్లో దగ్గర నీళ్ల పంపు నడుపుతున్నాడు. అతని టెంట్, ట్రక్కు క్యాంపు చివర ఉన్నాయి.

"ఎన్నింటికి చూశావు?"

"ఏడూ ఇరవైకి."

"ఎన్నింటికి లేచావు?"

"ఏడింటికి సార్."

"ఆర్లో?"

"పెద్దాయన ఆరింటికల్లా వాగులో ఉంటాడు. ఇవాళా అంతే. పళ్లెం చంకలో పెట్టుకుని పోతుంటే చూశాను."

"ఏడింటికి కదా లేచింది?"

"అలికిడికి కళ్లు తెరిచి మళ్లీ మూశాను."

"పళ్లెం ఉండటం చూశావా?"

"చూశాను. ఎండ తగిలి మెరిసింది."

"ఆయనకి ఎవరితోనైనా గొడవుందా?"

గ్లెన్ ఎగువ వైపు చూశాడు. "రాయిస్ పెండర్. వాగు ఎగువన బంగారం తవ్వుకునే హక్కున్న ముక్క, పై క్లెయిమ్, అతనిదే. హద్దు గుంజ నాలుగు అడుగులు జరిగిందని ఆదివారం అరుచుకున్నారు. 'మళ్లీ జరిపితే నిన్ను దాని కిందే పాతిపెడతా' అన్నాడు రాయిస్. నా చెవులతో విన్నాను."

రాయిస్‌కి అరవై ఆరేళ్లు. బొడ్డు దాకా గడ్డం. ట్రైలర్ మెట్టు మీద కూర్చుని బీన్స్ తింటున్నాడు. లేవలేదు.

"ఆర్లోని బెదిరించావా?"

"ముప్పై ఏళ్లుగా బెదిరిస్తున్నా. వాడూ నన్ను బెదిరించాడు. లేకపోతే ఈ కొండల్లో పొద్దెట్లా పోతుందయ్యా?"

"ఇవాళ ఆరు నుంచి ఏడు దాకా ఎక్కడున్నావు?"

"ఇక్కడే."

"సాక్షి?"

"ఒంటరోడికి సాక్షి ఎవరుంటారు? కుక్కుంది. అడుగు."

ఓర్టిజ్ ముఖం ఎర్రబడింది. "మనిషి చచ్చిపోతే వేళాకోళమా?"

రాయిస్ చెంచా కింద పెట్టాడు. "నేనే చంపితే ఆ గుంజ దగ్గరే చంపేవాణ్ణి తల్లీ. మీకు ఇంత నడక ఉండేది కాదు." మిగిలిన బీన్స్ కుక్క ముందు పెట్టేశాడు. హెల్గెసన్ అది గమనించాడు.

కిందికి దిగుతూ ఓర్టిజ్ అంది. "వీడే సార్. తీసుకుపోదామా?"

"నోరు చెడ్డది. చెయ్యి కూడా చెడ్డదేనా? చూద్దాం."

ఆర్లో భార్య నదీన్ బుధవారం ప్రార్థన కూటానికి ఊళ్లోకి వెళ్లి, ఆ రాత్రి చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి 9:40. శవాన్ని తీసుకుపోయాక కూడా ఆమె ఊరికే కూర్చోలేదు. గ్యాస్ పొయ్యి మీద పెనం పెట్టి అందరికీ బేకన్ వేయించింది.

"తిను బాబూ. చేతులకి పని లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది."

హెల్గెసన్ తిన్నాడు. లేచి వాగు ఒడ్డున ఉన్న, కంకర కడిగే పొడుగాటి కడుగుపెట్టె మీద చెయ్యి ఆనించబోయాడు.

"ఆగు!" నదీన్ ఒక డబ్బా అతని ముందు పెట్టింది. నిండా బూడిద. "ముందు చేతులు రుద్దుకో. పంది కొవ్వు చేత్తో ఇక్కడి సామాను ముట్టుకుంటే ఆర్లో ఊరుకోడు." డబ్బా ఇంకాస్త అతని వైపు జరిపింది. "ఊరుకునేవాడు కాదు."

అతను బూడిదతో చేతులు రుద్దుకున్నాడు.

"అమ్మా, మీకు శత్రువులెవరైనా ఉన్నారా?"

"మాకేముందని శత్రువులుంటారు? ఈ నేల సర్కారుది. దీంట్లో బంగారం తీసుకునే హక్కొక్కటే మాది. అది నిలవాలంటే ఏటా సెప్టెంబర్ ఒకటిలోగా ఇద్దరి సంతకాలతో కాగితం ల్యాండ్ ఆఫీసుకి చేరాలి. చేరకపోతే ఆ మర్నాడు ఎవడొచ్చి గుంజలు పాతితే వాడిదే."

"అంటే రేపటిలోగా."

"ఇద్దరం సంతకాలు పెట్టాం. గ్లెన్ సోమవారమే పోస్టులో వేశాడు, దేవుడి దయ." ఆమె గొంతు తగ్గించింది. "పన్నెండు రోజుల కిందట ఆ గట్టు కింద పాత వాగు అడుగు దొరికింది బాబూ, నిండా బంగారం. ముప్పై ఒక్కేళ్లు వెతికాం. ఆ మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇప్పుడిక నాకు మిగిలింది అదొక్కటే."

"ఆ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మా ఇద్దరికీ. గ్లెన్‌కీ."

సెప్టెంబర్ 1, శుక్రవారం. ఉదయం 5:30.

హెల్గెసన్ ఇంట్లో ఫలహారం అయింది. బైబిల్లో ఆ రోజు అధ్యాయం చదవడం కూడా అయింది. భార్య మార్గిట్ గుడ్లు వేయించిన పెనంలో నీళ్లు పోసింది. పెనం అంచుకి అంటుకున్న మిరియాల పొడి పైకి లేచి, జిడ్డు మీద తేలుతూ అంచుల దాకా పాకింది.

హెల్గెసన్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"మిరియాలు మునగాలి కదా?"

"జిడ్డు ఉంటే ఎట్లా మునుగుతాయి?" అంది మార్గిట్. "ఏమైంది మీకు?"

అతను అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు.

6:40కి ఎవిడెన్స్ గదిలో పళ్లెం బ్యాగ్ తెరిచి వాసన చూశాడు. కొవ్వు వాసన కాదు. ఇంజన్ ఆయిల్.

8:05కి ల్యాండ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. విట్‌కమ్‌ల కాగితం రాలేదు. ఆఫీసు నాలుగింటికి మూస్తారు. మ్యూల్‌షూ నుంచి అక్కడికి అయిదు గంటల దారి.

8:50కి జడ్జి సర్చ్ వారంటు మీద సంతకం పెట్టాడు.

9:45.

వాగు ఒడ్డున నలుగురు నిలబడ్డారు. నదీన్, రాయిస్, గ్లెన్, ఓర్టిజ్. హెల్గెసన్ చేతిలో మెరిసే కొత్త ఉక్కు పళ్లెం. వచ్చే దారిలో హార్డ్‌వేర్ షాపు తలుపు తట్టి కొన్నాడు.

"నదీన్ గారూ, మీ కాగితం ఆఫీసుకి చేరలేదు."

ఆమె పక్కకి తిరిగింది. "గ్లెన్?"

"పోస్టు ఆలస్యమై ఉంటుందమ్మా. నేనైతే వేశాను."

"ఇంకో కాగితం రాద్దామన్నా ఆ మనిషి సంతకం ఎక్కణ్ణించి వస్తుంది?" నదీన్ బండ మీద కూలబడింది.

"రాయిస్," అన్నాడు హెల్గెసన్, "ఇందులో కాస్త కంకర గాలించి చూపించు."

రాయిస్ పళ్లెం అందుకున్నాడు. బొటనవేలితో అడుగు రుద్ది, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పళ్లెం తిరిగి హెల్గెసన్ ఛాతీకి కొట్టినట్టు ఇచ్చేశాడు.

"తమాషాగా ఉందా? కొత్త పళ్లెం. కంపెనీవాడు తుప్పు పట్టకుండా పూసిన నూనె ఇంకా పోలేదు. నిప్పుల్లో ఎర్రగా కాల్చకుండా ఇందులో ఎవడు కడుగుతాడు?"

"సరే. గ్లెన్, నువ్వు చూపించు."

"దానికేముంది సార్."

గ్లెన్ వంగి కంకర ఎత్తాడు. నీళ్లలో ముంచాడు. తిప్పాడు. ఒకసారి. రెండుసార్లు. పసుపు రవ్వలు పైకి లేచి, తేలి, అంచు దాటి వాగులో కలిసిపోయాయి.

రాయిస్ నోరు తెరిచాడు. "ఒరేయ్ దరిద్రుడా, బంగారమంతా పారబోస్తున్నావు కదరా!"

గ్లెన్ చేతులు ఆగిపోయాయి.

"రెండు వేసవులు ఇక్కడున్నావు," అన్నాడు హెల్గెసన్ మెల్లగా. "పంపు దగ్గరే ఉన్నావు. పళ్లెం నీ చేతికి ఎప్పుడూ రాలేదు. అందుకే తెలియదు. జిడ్డు పళ్లెంలో సన్న బంగారం మునగదు. నిన్న ఆర్లో పక్కన దొరికిన పళ్లెంలోనూ ఇట్లాగే తేలింది. నా కళ్ల ముందే తేలింది. నేను పట్టించుకోలేదు. ఆ పళ్లేనికి ఇంజన్ ఆయిల్ అంటి ఉంది."

"ఆయనే పూసుకున్నాడేమో!"

నదీన్ తలెత్తింది. నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది. "ఆర్లోనా? మా పెళ్లిరోజున కేకు తిని కూడా బూడిదతో చేతులు తోముకున్న మనిషి ఆయన!"

"ఆర్లో ఆ పళ్లెం చంకలో పెట్టుకుని వాగుకి పోవడం చూశానన్నావు. పోలేదు గ్లెన్. ఆ జిడ్డుతో ఆయన ఒక్క అడుగు కూడా వేసేవాడు కాదు. రాయిస్ చంపి ఉంటే శవం పక్కన అలాంటి పళ్లెం పెట్టేవాడు కాదు. ముప్పై ఏళ్ల చెయ్యి అది. దానికి చేతకాదు. బుధవారం సాయంత్రం పంపు ఆయిల్ మార్చావా?"

గ్లెన్ పళ్లెం కింద పెట్టాడు.

"పాత ఆయిల్ పట్టడానికి గిన్నె కావలసి వచ్చింది. చేతికి అందింది తీసుకున్నావు. వాడాక నీ ట్రక్కు టూల్‌బాక్స్‌లో పడేశావు. నిన్న ఆరింటికి పెద్దాయన తన పళ్లెం వెతుక్కుంటూ ఆ టూల్‌బాక్స్ తెరిచాడు. అందులో ఇంకేముంది?"

గ్లెన్ ట్రక్కు వైపు చూశాడు. ఒక్క క్షణమే. అది చాలింది.

ఓర్టిజ్ వారంటు చూపించి ట్రక్కు తెరిచింది. నాలుగు నిమిషాలు పట్టింది. టూల్‌బాక్స్ అడుగున, రెంచీల ట్రే కింద, ఒక పొడుగు కవరు. స్టాంపు ఉంది. పోస్టాఫీసు ముద్ర లేదు. ఆగస్టు అంతా కొండల్లో మంట పెట్టకూడదు. పొగ లేస్తే అరగంటలో అటవీ శాఖవాళ్లు వచ్చేస్తారు. అందుకే కాల్చలేకపోయాడు.

కవరు మూల మీద నల్లటి బొటనవేలి గుర్తు. మధ్యలో అడ్డంగా ఒక గీత.

నదీన్ దగ్గరికి వచ్చి చూసింది. ముట్టుకోలేదు.

"అది ఆర్లో వేలు," అంది. "పెళ్లయిన ఏడాది రంపం తగిలి తెగింది. నేనే కుట్టాను."

గ్లెన్ కవరు మీంచి చూపు తిప్పుకున్నాడు.

"పళ్లెం కోసం వచ్చి కవరు చూశాడు. తీసుకుని వెళ్లిపోయాడు," అన్నాడు. "వాగు దాకా వెంటపడి బతిమాలాను. 'రేపు నేనే తీసుకెళ్లి ఇస్తాలే' అని ఆగలేదు. ఎదురుగా వెళ్లి అడ్డుపడ్డాను. తోశాను. ఒక్కసారే తోశాను..."

"తర్వాత బోర్లా తిప్పి, కవరు లాక్కుని, పళ్లెం తెచ్చి పక్కన పెట్టావు," అన్నాడు హెల్గెసన్.

గ్లెన్ కాదనలేదు. ఓర్టిజ్ బేడీలు వేసింది.

10:20.

హెల్గెసన్ కవరు పట్టుకుని నిలబడ్డాడు. ఎవిడెన్స్. రూల్ ప్రకారం బ్యాగ్‌లో పెట్టి సీల్ వేయాలి. వేస్తే సాయంత్రం నాలుగింటికి ఈ వాగులో ఆమెకేమీ ఉండదు. హంతకుడు జైల్లో ఉంటాడు, వాడు కోరినట్టే కాగితం చచ్చిపోతుంది. విశ్రాంతి దినం మనిషి కోసమే, మనిషి దాని కోసం కాదు అని చిన్నప్పటి నుంచీ చర్చిలో వింటున్నాడు. రూల్ ఎవరి కోసం? తప్పు చేస్తున్నానా ప్రభూ? వాగు శబ్దం వినపడింది.

జడ్జికి ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు మాట్లాడాడు.

ఫొటోలు తీశాడు. కవరు అంచు కోశాడు. కవరు బ్యాగ్‌లోకి, లోపలి కాగితం నదీన్ చేతిలోకి వెళ్లాయి.

"ఓర్టిజ్, నువ్వే నడుపు. కాగితం అందినట్టు సాక్షి సంతకం నీది. సైరన్ వేసుకో. వీడి సంగతి నేను చూసుకుంటా."

రాయిస్ గడ్డం గోక్కున్నాడు. "ఆ గుంజ... నేనే జరిపాను నదీన్. నాలుగు అడుగులు. వెనక్కి జరిపేస్తా."

"తెలుసు రాయిస్. ఆయనకీ తెలుసు," అంది నదీన్ కారెక్కుతూ.

3:41. ల్యాండ్ ఆఫీసు గుమస్తా కాగితం మీద ముద్ర కొట్టాడు.

మార్చిలో గ్లెన్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మే నెలలో, కొండల మీద మంచు కరిగాక, హెల్గెసన్ ఆర్లో పళ్లెం తెచ్చి నదీన్‌కి ఇచ్చాడు. ఆమె దాన్ని అప్పటికే సిద్ధం చేసిన నిప్పుల మీద పెట్టింది. ఆయిల్ పొగలు చిమ్మింది. నల్లబడింది. చివరికి పళ్లెం అడుగు నెమలి మెడలా నీలంగా మారింది.

చల్లారే దాకా ఇద్దరూ నిప్పుల పక్కనే కూర్చున్నారు.

ఆమె బూడిదతో చేతులు తోముకుంది. గట్టు కింద నుంచి ఒక పార మట్టి తెచ్చింది. ఆ మడుగులోనే, ఆ రెండు బండల మధ్యే, కూర్చుని గాలించింది. కంకర పోయింది. ఇసుక పోయింది. నల్ల ఇసుక అంచున సన్నటి పసుపు చార మిగిలింది.

నదీన్ పళ్లెం అతని వైపు వంచి చూపించింది.

ఒక్క రవ్వ కూడా తేలలేదు.